స్విఫ్ట్ కారుకు 20 మిల్లీమీటర్ల వీల్ స్పేసర్లు: ఒక వర్షాకాలం తరువాత విజయనగరం నుంచి సమీక్ష

విజయనగరంలోని కార్ల యాక్సెసరీల దుకాణాల్లో ఈ మధ్య అలాయ్ వీల్స్ పక్కనే వీల్ స్పేసర్లు కూడా అమ్మకానికి కనిపిస్తున్నాయి. చక్రానికీ హబ్‌కూ (చక్రాన్ని బిగించే గుండ్రటి ఇరుసు ముఖానికీ) మధ్యన పెట్టే ఈ అల్యూమినియం బిళ్ల చక్రాన్ని బయటికి జరుపుతుంది. దాంతో టైరు మడ్‌గార్డు అంచు దాకా వచ్చి, వెనక నుంచి చూసినప్పుడు కారు వెడల్పుగా, నేలను పట్టుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. మా మేనల్లుడు తన స్విఫ్ట్‌కు నాలుగు చక్రాలకూ 20 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయించాడు. ఆ సెట్టును పెట్టెలోంచి తీసిన దగ్గర నుంచి, బిగించేటప్పుడూ, ఆ తరువాత రోడ్డు మీదా, వర్షాలు తగ్గాక విప్పినప్పుడూ దగ్గరుండి చూశాను. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ణి కనుక వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం), టార్క్ రెంచి (పెట్టిన అంకె దాకా నట్టు బిగియగానే క్లిక్కుమనే పానా) చేతిలో ఉన్నాయి. కొలిచి చూసినవే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొలతలు సరిపోయేలా, మంచి లోహంతో తయారైన స్పేసర్ తనంతట తాను ప్రమాదకరమైన వస్తువు కాదు. దాని క్షేమమంతా నట్ల బిగింపులో ఉంది. ఆ బిగింపును కొలిచి, మళ్లీ చూసి, నిలబెట్టే అలవాటు నేను చూసిన దుకాణాల్లోనూ, దారి పక్కన మన చక్రం విప్పే పంక్చర్ షాపుల్లోనూ లేదు. అందువల్ల ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు దీన్ని వేయించమని నేను ఎవరికీ చెప్పను.

స్పేసర్లకు న్యాయమైన ఉపయోగాలు లేకపోలేదు. వెడల్పాటి టైరు లోపలి అంచు స్ట్రట్‌కు తగులుతున్నప్పుడు, కొత్త అలాయ్ వీల్ పుల్లలు బ్రేక్ కాలిపర్‌కు ఒరుసుకుంటున్నప్పుడు, కొద్ది మిల్లీమీటర్లు చక్రాన్ని బయటికి జరపడం తప్పనిసరి కావచ్చు. పోర్షే వంటి సంస్థ తన 911 కార్లకు పొడవాటి బోల్టులతో సహా స్పేసర్లను స్వయంగా అందించింది. జర్మనీలో ఐబాక్, హెచ్ అండ్ ఆర్ వంటి తయారీదారులు ఏ మోడల్‌కు ఎంత మందం పనికొస్తుందో పరీక్షించి, ట్యూవ్ అనే తనిఖీ సంస్థ ధ్రువపత్రంతో అమ్ముతారు. అంటే వస్తువులో దోషం లేదు. వాహనానికి తగినదాన్ని ఎంచి, లెక్క ప్రకారం బిగించే వ్యవస్థ దాని వెనుక ఉంటుంది. మా మేనల్లుడి కారులో ఏ చక్రమూ ఎక్కడా తగలడం లేదు. ‘మావయ్యా, చక్రాలు లోపలికి పోయినట్టున్నాయి, చూడ్డానికి బాగోలేదు’ అన్నది ఒక్కటే కారణం. చూపు కోసం కారును మార్చుకోవడం తప్పేమీ కాదు, అయితే ఆ చూపుకు కారులోని ఏ భాగం ఎంత భారం మోస్తుందో తెలిసి ఉండాలి.

ఈ స్పేసర్లు రెండు రకాలుగా దొరుకుతాయి. మొదటిది స్టడ్ల (హబ్ నుంచి పొడుచుకొచ్చి ఉండే, చక్రపు నట్లు ఎక్కే బోల్టుల) మీద తొడిగేసే పలుచటి బిళ్ల. 3 మిల్లీమీటర్ల నుంచి 10 మిల్లీమీటర్ల మందం దాకా ఉంటుంది. దీనికి సొంత బోల్టులు ఉండవు, కారు అసలు స్టడ్లే బిళ్ల గుండా, చక్రం గుండా బయటికి రావాలి. రెండవది లోపలి నట్లతో హబ్‌కు బిగించి, దాని మీద ఉన్న కొత్త స్టడ్లకు చక్రాన్ని బిగించేది. సాధారణంగా 15 నుంచి 30 మిల్లీమీటర్ల మందంలో వస్తుంది. మేము తెచ్చింది ఈ రెండో రకం. దుకాణంలో మొదట మాకు చూపించినది మాత్రం పలుచటి రకమే. ధర నాలుగో వంతు ఉండటంతో ఎక్కువమంది దాన్నే తీసుకుపోతున్నారని అక్కడివారు చెప్పారు. ఈ సమీక్ష చదివేవారు ఒక్క విషయం మాత్రమే గుర్తుపెట్టుకోగలిగితే, ఈ పలుచటి రకం గురించి చెప్పబోయేదే గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

స్విఫ్ట్ చక్రపు స్టడ్డు 12 మిల్లీమీటర్ల లావు, దాని థ్రెడ్ పిచ్ (ఒక మర చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం) 1.25 మిల్లీమీటర్లు. నట్టు కనీసం స్టడ్డు లావంత లోతుకు థ్రెడ్‌లో దిగాలన్నది వర్క్‌షాపులో మొదట నేర్పే లెక్క. ఆ లెక్కన నట్టు సుమారు పది చుట్లు తిరిగాక బిగుసుకోవాలి. హ్యుందాయ్, హోండా కార్లలో పిచ్ 1.5 కనుక ఎనిమిది చుట్లు చాలు. ఇప్పుడు మధ్యలో 5 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే స్విఫ్ట్‌లో నాలుగు చుట్లు, హ్యుందాయ్‌లో మూడు చుట్లకు పైగా పోతాయి. 10 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే ఎనిమిది చుట్లు పోతాయి. మిగిలిన రెండు మూడు చుట్ల మీద నట్టు బిగుసుకున్నట్టే చేతికి అనిపిస్తుంది, బయటికి చూస్తే తేడా ఏమీ కనిపించదు. కానీ గుంతలో పడ్డప్పుడో, మలుపులో గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఆ కొద్ది థ్రెడ్ తెగిపోయి నట్టు ఊడి రాగలదు. పలుచటి బిళ్లను వేయాలంటే హబ్‌లోని పాత స్టడ్లను కొట్టి తీసి, అంత మందం మేరకు పొడవైన స్టడ్లు వేయాలి. అలా వేస్తారా అని అడిగితే అవసరం లేదన్నారు. అది నిజం కాదు. చక్రం బిగించేటప్పుడు నట్టును చేతితో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టడం ఎవరైనా చేయగల పరీక్ష, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. చుట్లు తక్కువైతే కారు అక్కడి నుంచి కదలకూడదు.

ఈ పలుచటి బిళ్లలో మరో లోపం ఉంది. హబ్ మధ్యలో చిన్న గుండ్రటి అంచు పైకి లేచి ఉంటుంది. చక్రం మధ్య రంధ్రం ఆ అంచు మీద కూర్చుని నడిమధ్యకు వస్తుంది. స్విఫ్ట్, బలెనో కార్లలో ఆ రంధ్రం కొలత 54.1 మిల్లీమీటర్లు, నాలుగు స్టడ్లు 100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. అన్ని కార్లకూ సరిపోతుందని చెప్పే బిళ్లలకు మధ్య రంధ్రం పెద్దది, స్టడ్ల కోసం పొడవాటి గాడులు ఉంటాయి. వాటికి మధ్యలో ఆనుకునే ఆధారం ఉండదు. పైగా బిళ్ల మందం హబ్ అంచు ఎత్తును మింగేయడంతో చక్రం కూడా ఆ అంచును అందుకోలేదు. చక్రం నట్ల మీదే వేలాడుతూ అర మిల్లీమీటరు పక్కకు కూర్చున్నా చాలు, గంటకు 80 కిలోమీటర్లు దాటగానే స్టీరింగు వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోని వణుకు ఉన్నవారు ఒకసారి చక్రం విప్పించి, వెనక ఇలాంటి బిళ్ల ఏదైనా ఉందేమో చూసుకోవడం మంచిది. పాత కారు కొన్నవారికి ఇది మరీ అవసరం.

మేము కొన్న సెట్టు విషయానికి వస్తాను. నాలుగు ముక్కలకు ఎనిమిది వేల ఐదు వందలు తీసుకున్నారు. నల్ల పూత మీద 6061 అని లోహపు రకం ముద్రించి ఉంది. తయారీదారు చిరునామా లేదు, బిగింపు అంకె రాసిన కాగితం లేదు, ఏ కార్లకు పనికొస్తుందో చెప్పే పట్టిక లేదు. వెర్నియర్‌తో కొలిస్తే లోపలి రంధ్రం హబ్‌కు సరిపోయింది. చక్రం కూర్చోవడానికి స్పేసర్ బయటి ముఖాన లేపిన అంచు కూడా సరిగ్గానే ఉంది. నాలుగింటిలో ఒకదాని వెనుక ముఖాన మిల్లింగ్ చేసినప్పుడు మిగిలిన సన్నటి లోహపు ముల్లు వేలికి తగిలింది. దాన్ని అలాగే బిగిస్తే స్పేసర్ హబ్ మీద సమంగా ఆనదు. ఆ ముక్కను చూపించగానే దుకాణంవారు మారు మాట లేకుండా మార్చి ఇచ్చారు. ఆ విషయంలో వారి మర్యాదకు మంచి మార్కులే వేయాలి. స్టడ్లు స్పేసర్‌లోకి వెనుక నుంచి ఒత్తి దింపినవి, వదులుగా లేవు. ఈ ధరలో వస్తువు నాణ్యత నేను అనుకున్నదానికన్నా మెరుగ్గానే ఉంది.

బిగింపు మాత్రం అంత తృప్తిగా సాగలేదు. జాకీ మీద లేపి చక్రాలు తీశాక హబ్ ముఖం మీద ఎర్రటి తుప్పు పొర కనిపించింది; మన వైపు అది మామూలే. దాన్ని వైర్ బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా తీసి, గుడ్డతో తుడిచి అప్పుడు స్పేసర్ పెట్టాలి. దుకాణంలోని కుర్రాడు తుప్పు మీదే పెట్టేసి గాలి గన్ను అందుకున్నాడు. ఆపి, శుభ్రం చేయించి, టార్క్ రెంచి ఉందా అని అడిగితే ‘ఏటీ అవ్వదు మాష్టారూ, గన్నుతో కొట్టేస్తే ఇంక కదల్దు’ అన్నాడు. అతను మొరటువాడు కాడు, పనిమంతుడే. అతనికి నేర్పినవారు అలా నేర్పారు. ఆ గన్ను 300 న్యూటన్ మీటర్లకు (నట్టును తిప్పే బలాన్ని కొలిచే లెక్క ఇది) పైగా కూడా కొట్టగలదు. చిన్న కార్ల చక్రపు నట్లకు తయారీదారులు చెప్పే అంకె సాధారణంగా 85 నుంచి 110 మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె కారుతో వచ్చిన పుస్తకంలో చూడాలి. ఎక్కువ బిగిస్తే భద్రం అనుకోవడం ఇక్కడ పొరపాటు అవుతుంది. ఉక్కు స్టడ్డు కొద్దిగా సాగి, స్ప్రింగులా వెనక్కి లాగుతూ ఉండటమే బిగింపు. హద్దు దాటి సాగదీస్తే ఆ లాగే గుణం పోతుంది, తరువాత అది నట్టును పట్టుకోలేదు.

చక్రం హబ్ మీద దేని బలంతో నిలుస్తుందో చాలామంది పొరబడతారు. కారు బరువును స్టడ్లు అడ్డంగా మోస్తున్నాయని అనుకుంటారు. నిజానికి స్టడ్లు చక్రాన్ని హబ్ ముఖానికి గట్టిగా అదిమి పడతాయి. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే బరువునూ బ్రేకు బలాన్నీ మోస్తుంది. స్పేసర్ పెట్టగానే ఒక అతుకు ఉన్న చోట రెండు అతుకులు అవుతాయి, నాలుగు నట్లున్న చోట ఎనిమిది నట్లు అవుతాయి. ప్రతి అతుకులోనూ కొద్దిపాటి పూత, తుప్పు, గీతలు ఉంటాయి. కారు నడుస్తున్నకొద్దీ అవి నలిగి, వెంట్రుక మందం సర్దుకుంటాయి, ఆ మేరకు బిగింపు తగ్గుతుంది. కొత్తగా అల్లిన నులక మంచం నాలుగు రోజులు పడుకోగానే కుంగితే మళ్లీ నులక లాగి బిగిస్తామే, ఇదీ అలాంటిదే. అందుకే స్పేసర్ వేశాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు అన్ని నట్లనూ మళ్లీ టార్క్ రెంచితో చూడాలి. చక్రం బయటి నట్లను చూడటం సులువే. స్పేసర్‌ను హబ్‌కు పట్టే లోపలి నట్లు చక్రం వెనుక దాగి ఉంటాయి కనుక, వాటిని చూడాలంటే చక్రం విప్పక తప్పదు. ఈ రకం స్పేసర్‌లో అసలు ఇబ్బంది ఇదే. అందరికన్నా ముందు వదులయ్యే నట్టు ఎవరి కంటికీ కనపడని చోట ఉంది.

మా పరీక్షలో అదే జరిగింది. మొదట అన్నీ రెంచితో ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాం. కారు భోగాపురం దాకా వెళ్లి వచ్చి, ఊళ్లో తిరిగాక చక్రాలు విప్పి రెంచి పెడితే, వెనుక ఎడమ చక్రంలో రెండు లోపలి నట్లు క్లిక్కు చప్పుడు రాకముందే కొంత తిరిగాయి. మిగిలినవి కదలలేదు. ఆ తరువాత మరోసారి చూసినప్పుడు ఏదీ కదలలేదు. అంటే శ్రద్ధగా రెండోసారి చూసినవారికి భయం లేదు. కానీ దుకాణంవారు మళ్లీ రమ్మని మాకు చెప్పలేదు, రసీదు మీదా రాయలేదు. చెప్పి ఉంటే ఈ సేవకు నేను ఇచ్చే అంచనా చాలా మారి ఉండేది.

ఇక రోడ్డు మీద అనుభవం. 16వ నంబరు జాతీయ రహదారి మీద, నున్నటి తారులో, తేడా పట్టుకోవడం కష్టం. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 40 మిల్లీమీటర్లు పెరిగింది కనుక లేన్ మారేటప్పుడు కారు కొంచెం నిలకడగా ఉన్నట్టు అనిపించిన మాట నిజం. విజయనగరం నుంచి గజపతినగరం వైపు, అతుకులు వేసిన రోడ్డు మీదకు వచ్చేసరికి స్టీరింగు స్వభావం మారింది. ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగు చేతిలో ఆ వైపుకు గుంజుతుంది. రోడ్డు అంచున లారీలు పడగొట్టిన గాడుల్లోకి కారు తనంతట తాను జారుతుంది. దీనికి కారణం ఉంది. ముందు చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో ఆ అక్షాన్ని నేల దాకా గీస్తే వచ్చే బిందువుకూ, టైరు నేలను తాకే ముద్ర మధ్యకూ మధ్య దూరాన్ని ఇంజినీర్లు చాలా ఆలోచించి నిర్ణయిస్తారు. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో ఆ దూరాన్ని చాలా తక్కువగానో, లోపలి వైపుకో పెడతారు. ఒక చక్రం తడి మట్టి మీద, మరో చక్రం పొడి తారు మీద ఉండగా బ్రేకు వేసినా కారు తిన్నగా ఆగడానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుంది. స్పేసర్ 20 మిల్లీమీటర్లు బయటికి జరపగానే ఆ ఏర్పాటు చెదిరి, బ్రేకు వేసినప్పుడు పట్టు ఎక్కువున్న వైపుకు కారు లాగుతుంది. వాన కురిసి రోడ్డుకు ఒక పక్కనే నీరు నిలిచిన చోట నెమ్మదిగా పరీక్షించి చూశాం. లాగడం స్పష్టంగా తెలిసింది. వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే ఇది సరికాదు, ఎందుకంటే అలైన్‌మెంట్ యంత్రం సరిచేసే కోణాల్లో ఇది లేదు.

వెనుక చక్రాలకు మాత్రమే వేయించుకుంటే ఈ స్టీరింగు ఇబ్బంది ఉండదు, ఆ మాట దుకాణంవారు చెబితే నమ్మవచ్చు. బిగింపు విషయంలో మాత్రం ముందూ వెనుకా ఒకటే.

ఐదుగురం ఎక్కి అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వెళ్లిన రోజున మరో సంగతి బయటపడింది. బరువుకు వెనుక భాగం కిందికి దిగి, శ్రీకాకుళం ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ టైరు భుజం మడ్‌గార్డు లోపలి మడతకు రాసుకుంటూ గరగరమంది. ఒక్కడే డ్రైవర్ ఉన్నప్పుడు నాలుగు వేళ్లు పట్టే ఖాళీ, నిండు బరువులో మిగలలేదు. కారు ఖాళీగా ఉండగా దుకాణం ముందు చూసుకుని సంతోషపడేవారు ఈ పరీక్ష తప్పక చేయాలి. టైరు పక్క గోడ మీద ఆ మడత కోసిన గీత పడితే టైరు మార్చడమే తప్ప మరమ్మతు లేదు. టైర్లు ఒంటి బయటికి వచ్చినందువల్ల ఎర్రమట్టి నీళ్లన్నీ తలుపుల మీదకూ అద్దాల మీదకూ చిమ్మడం చిన్న విషయమే గానీ, వానాకాలంలో వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ముఖాన కూడా అదే పడుతుంది.

బేరింగుల గురించి రెండు వైపులా అతిశయోక్తులు విన్నాను. నెలలో బేరింగు పోతుందని ఒకరు, ఏమీ కాదని మరొకరు. లెక్క చూస్తే నిజం మధ్యలో ఉంది. నిండు బరువుతో ఉన్న చిన్న కారులో ఒక్కో చక్రం మీద రమారమి 350 కిలోల బరువు ఉందనుకుంటే, 20 మిల్లీమీటర్లు బయటికి జరగడం వల్ల బేరింగు మీద అదనంగా 7 కిలోగ్రామ్-మీటర్ల వంపు బలం, అంటే 70 న్యూటన్ మీటర్లకు దగ్గరగా, ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. గట్టి మలుపులో టైరు మీద పక్క నుంచి పడే బలం దీనికి ఎన్నో రెట్ల వంపు తెస్తుంది, దాన్ని తట్టుకునేలాగే బేరింగు తయారైంది. కనుక అది వెంటనే విరిగిపోదు. అయితే బాల్ బేరింగు ఆయుష్షు దాని మీద పడే భారానికి ఘనానుపాతంలో తగ్గుతుంది. భారం పది శాతం పెరిగితే ఆయుష్షు నాలుగో వంతు తగ్గుతుంది. లక్ష కిలోమీటర్లు రావలసినది డెబ్బై అయిదు వేలకే హోరుమనడం మొదలుపెడుతుంది. సస్పెన్షన్ కీళ్ల మీదా, చక్రాన్ని పట్టే ముందు చేతుల (కంట్రోల్ ఆర్మ్) బుష్షుల మీదా కూడా అదనపు భారం పడుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు నడిమధ్యకూ, అది హబ్ మీద ఆనే ముఖానికీ మధ్య దూరం; ఇది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది) తక్కువున్న అలాయ్ వీల్స్ వేసినా ఈ స్టీరింగు, బేరింగు మార్పులన్నీ ఇలాగే వస్తాయి. ఆఫ్‌సెట్ 45 ఉన్న చక్రానికి 20 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టడమూ, ఆఫ్‌సెట్ 25 ఉన్న చక్రం నేరుగా బిగించడమూ కొలతల దృష్టిలో ఒకటే. స్పేసర్‌ను తిట్టి, బయటికి పొడుచుకొచ్చే అలాయ్ వీల్స్‌ను మెచ్చుకోవడంలో అర్థం లేదు. తేడా అంతా ఆ రెండో అతుకులోనూ, కనిపించని నట్లలోనూ ఉంది. చూపు మారాలని గట్టిగా కోరుకునేవారు ఐదు, పది మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న సరైన చక్రాలు కొనుక్కుంటే, ఖర్చు ఎక్కువైనా, ఆ అతుకు బెడద ఉండదు.

స్టెప్నీ విషయం కొనేముందు ఎవరూ ఆలోచించరు. రణస్థలం దగ్గర చీకటి పడ్డాక మా కారుకు పంక్చర్ అయింది. మేనల్లుడు స్టెప్నీ తీసి పెట్టబోతే అది స్పేసర్ మీద సమంగా కూర్చోలేదు. కారు అసలు స్టడ్ల కొనలు స్పేసర్ ముఖం దాటి కొద్దిగా బయటికి వచ్చి ఉన్నాయి. అలాయ్ వీల్ వెనుక భాగంలో స్టడ్ల మధ్య గుంటలు ఉంటాయి కనుక ఆ కొనలు అందులో దాక్కున్నాయి; స్టెప్నీ ఇనుప రేకు చక్రం, దానికి ఆ గుంటలు లేవు. చక్రం కొనల మీద ఆనుకుని, మధ్యలో సందు ఉండగానే నట్లు మాత్రం బిగుసుకున్నట్టు నిలిచిపోయాయి. అలాగే పోనిస్తే పది కిలోమీటర్లలో నట్లు వదులై చక్రం ఊడిపోయే పరిస్థితి అది. రోడ్డు పక్కన టార్చి వెలుగులో స్పేసర్‌నే విప్పి, స్టెప్నీని హబ్‌కు నేరుగా బిగించి బయటపడ్డాం. స్పేసర్ లోపలి నట్లకు వేరే సైజు సాకెట్ కావాలి. అది డిక్కీలో ఉండబట్టి సరిపోయింది. 20 మిల్లీమీటర్లు గానీ అంతకు లోపు గానీ మందమున్న స్పేసర్లు వేయించుకునేవారు దుకాణంలోనే స్టెప్నీ పెట్టించి చూసుకోవాలి. కొనలు పొడుచుకొస్తే ఆ స్పేసర్ వద్దని తిరిగి ఇచ్చేయాలి. స్టడ్ల కొనలు కోసేస్తామని కొన్నిచోట్ల అంటారు; కోస్తే రేపు స్పేసర్ తీసేశాక నట్టుకు థ్రెడ్ చాలదు.

దారిలో పంక్చర్ వేసేవారికి స్పేసర్ సంగతి తెలియదు, తెలియాలని ఆశించడమూ తప్పు. వారు చక్రం తీసి, టైరు బాగుచేసి, గన్నుతో బిగించి పంపుతారు. ఆ తరువాత ఇంటికి వచ్చి అన్నీ మళ్లీ రెంచితో చూసుకోవలసిన బాధ్యత కారు నడిపేవారిదే. టార్క్ రెంచి లేని ఇంట్లో స్పేసర్ ఉండకూడదని నేను గట్టిగా అంటాను. రెంచి లేనప్పుడు కనీసపు కొలత కావాలంటే, పావు మీటరు పొడవున్న ఎల్ స్పానర్ చివర సుమారు 40 కిలోల బలం నెడితే 100 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇది అత్యవసరంలో ఇల్లు చేరడానికే తప్ప, రెంచికి బదులు కాదు.

వర్షాలు తగ్గాక, మేనల్లుడు తనంతట తానే తీసేద్దామన్నాడు. అప్పుడు కనిపించినది మన తీరప్రాంతం వారంతా తెలుసుకోవలసినది. భోగాపురం నుంచి భావనపాడు దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి ఆనుకుని తడిగా ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. నాలుగింటిలో మూడు స్పేసర్లు హబ్ అంచుకు అంటుకుపోయాయి. రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ చాలాసేపటికి గానీ రాలేదు. తీశాక లోపలి రంధ్రం చుట్టూ తెల్లటి పొడి, నల్ల పూత మీద పొక్కులు ఉన్నాయి. నట్లు కూర్చునే గుంటల్లో పూత నలిగి లోహం బయటపడింది. బిగించేటప్పుడు హబ్ మధ్య అంచు మీద పలుచగా గ్రీజు రాసి ఉంటే అతుక్కునేది కాదని కొందరు అంటారు, అది సరైన సలహాయే, అయితే ఆ అంచు మీద మాత్రమే. ముఖాల మీదా స్టడ్ల థ్రెడ్ మీదా గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, రెంచి చూపే అంకెకూ అసలు బిగింపుకూ పొంతన ఉండదు.

చట్టం గురించి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ విషయాన్ని నొక్కి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. స్పేసర్ బయటికి కనపడదు గనుక ఎవరూ పట్టుకోరన్నది దుకాణాల్లో వినిపించే ధైర్యం. ప్రమాదం జరిగి బీమా సర్వేయర్ చక్రం విప్పిన రోజున అది కనపడుతుంది. మార్పు చేయించినవారు ఆ సంగతిని ముందే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం, తయారీదారు వారంటీ మీద దాని ప్రభావమేమిటో సర్వీసు సెంటర్లో అడిగి తెలుసుకోవడం అవసరం.

ఈ సెట్టుకు, వస్తువుగా, అయిదుకు మూడు ఇస్తాను. కొలతలు బాగున్నాయి, పూత నాసిరకం, కాగితాలు లేవు. బిగింపు సేవకు ఒకటిన్నర మించి ఇవ్వలేను. హబ్ తుడవకపోవడం, టార్క్ రెంచి లేకపోవడం, మళ్లీ రమ్మని చెప్పకపోవడం, ఈ మూడూ సరిదిద్దుకోవడానికి ఆ దుకాణానికి పెద్ద ఖర్చు కాదు. మంచి టార్క్ రెంచి వారు అమ్మే ఒక్క అలాయ్ వీల్ ధరకన్నా తక్కువే. మెత్తగా మాట్లాడి, లోపమున్న ముక్కను మార్చి ఇచ్చిన ఆ మనుషులు ఈ పని కూడా చేయగలరని నా నమ్మకం. పొలాల్లో, కొండదారుల్లో వెడల్పాటి టైర్లతో తిరిగే జీపు యజమాని, చక్రం నిజంగా లోపల తగులుతుంటే, తన వాహనానికే కొలిచి చేసిన స్పేసర్‌ను వాడుకోవచ్చు. పిల్లల్ని బడికి దింపే కారుకు మాత్రం వద్దు.

ఇప్పటికే వేయించుకుని ఉన్నవారు తీయించేటప్పుడు కొన్ని చూసుకోవాలి. అసలు స్టడ్ల థ్రెడ్‌ను గుడ్డతో తుడిచి, నట్టును చేతితో కొసదాకా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆ స్టడ్డు సాగిందని అనుమానించి మార్చేయాలి. స్పేసర్‌తో వచ్చిన నట్లు, కారు అసలు నట్లు కలిసిపోకుండా వేరు చేయాలి. మారుతి నట్టు ఆనే చోటు శంఖాకారంగా ఉంటుంది, హోండా అసలు నట్టుకు గుండ్రంగా ఉంటుంది. ఒకదాని బదులు ఒకటి వేస్తే బిగుసుకున్నట్టే ఉండి వదులవుతాయి. హబ్ ముఖం శుభ్రం చేసి, చక్రాన్ని ఎదురెదురు నట్ల క్రమంలో పుస్తకంలోని అంకెకు బిగించి, వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి రెంచి పెట్టాలి. మా మేనల్లుడి కారుకు వెనుక ఎడమ హబ్‌లో ఒక స్టడ్డు మార్చవలసి వచ్చింది. మిగిలినవన్నీ బాగానే ఉన్నాయి.